ఎక్కడికని చెప్పను?

తుంటి విరిగినవాళ్లకి ఇప్పుడు ఆసుపత్రిలో మరకాళ్లు, అంటే మనిషిని నడిపించే యంత్రాలు, కాళ్లకి తొడిగి ఇంటికి పంపేస్తున్నారు. ఎక్కడికో చెబితేగాని అవి లేవవు. భ్రమరాంబ పొద్దుటినుంచీ వాటికేమీ చెప్పలేదు.

"నడవకపోతే కాళ్లు పట్టేస్తాయి మామ్మగారూ. కిందటిసారి విరిగినప్పుడు ఇట్టే కోలుకున్నారట కదా," అంది ఇంటికొచ్చిన నర్సు జ్యోత్స్న.

"అప్పుడు ఆయనున్నారు. నేను లేవకపోతే ఆయనకి కాఫీ ఎవరిస్తారు? ఇప్పుడెక్కడికని చెప్పనమ్మా?"

జ్యోత్స్న వంగి మరకాళ్ల పట్టీలు సరిచేసింది. భ్రమరాంబ నీరసంగా మరకాళ్లకి చెప్పింది. "ఆయనకి కాఫీ."

కిందటిసారి దారి వాటికింకా గుర్తుంది. పొయ్యి దగ్గరికి, కాఫీ కలిపాక వరండాలో ఆయన కుర్చీ దగ్గరికి నడిపించాయి. కుర్చీ ఖాళీ. గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడి, అలిసిపోయి ఆ కుర్చీలోనే కూర్చుంది. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. ఆయనకి షుగరు. అలవాటుకొద్దీ పంచదార వెయ్యలేదు.

"రేపు నాకు పెట్టుకుంటాలే," అంది. "పంచదార వేసి."