గుండిగ మూత

ప్రతి శుక్రవారం గంగులమ్మ చింతపండు పెట్టి ఆ ఇత్తడి మూతను తోమేది.

మూత ఒక్కటే. దాని కింద ఉండాల్సిన గుండిగ ఆ ఇంట్లో లేదు.

తోమి, కడిగి, ఎండలో ఆరబెట్టి, పాత చీరలో చుట్టి మళ్లీ అటక మీద పెట్టేది. కూతురు ఉష బడికి పోకముందే ఆ మూత మీద అక్షరాలు వేలితో దిద్దింది. గంగులమ్మ, 1989.

మొదటి పంట పట్టుగూళ్లు మదనపల్లెలో అమ్మిన రోజే గంగులమ్మ ఆ గుండిగ కొనింది.

"ఒక్కసారి కొంటే సాలు తల్లీ. నీ మనవరాలు కూడా దీంట్లోనే వండుతాది," అన్నాడు అంగడాయన. గుండిగ మీద, మూత మీద పేరు కొట్టించి ఇచ్చినాడు.

పుంగనూరులో బస్సు టాపు మీది నుంచి దించుతుంటే అది జారి పడింది. గుండిగ అంచూ, మూత అంచూ ఒకే చోట నొక్కుకుపోయినాయి. ఆ నొక్కు ఈ నొక్కులో పడితే తప్ప మూత కూర్చునేది కాదు.

మూడేండ్ల తర్వాత తోడికోడలు కుప్పమ్మ వచ్చి ఆ గుండిగ అడిగింది. కూతురు శ్వేత పెద్దమనిషైంది, ఊరికి అన్నం పెట్టాల.

"మూత యాలమ్మే, ఆకు కప్పుకుంటాంలే," అనింది.

గుండిగ తిరిగి రాలేదు.

అడగడానికి పోతే, "నీ గుండిగ నాకాడ యాడిది? ఇది మా పుట్టింటిది," అనింది కుప్పమ్మ. అప్పటికే పాత పేరు ఆకురాయితో అరగదీయించి, అదే చోట తన పేరు, 1992 అని కొట్టించుకునింది.

గంగమ్మ గుడి ముందర పంచాయితీ పెట్టినారు. పెద్దమనిషి చిన్నస్వామి పళ్లెంలో కర్పూరం వెలిగించినాడు. గుండిగ తనదే అన్నవాళ్లు అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యాల.

మూత తెస్తానని గంగులమ్మ మొగుడు లేచినాడు. ఆమే కూర్చోమనింది.

"ఉండబ్బా. కర్పూరం ముందర యెవురన్నా అబద్ధమాడతారా?"

కుప్పమ్మ చెయ్యి చాపింది. ఆర్పేసింది.

ప్రమాణానికి ఆరిన కర్పూరాన్ని ఆ ఊళ్లో మళ్లీ వెలిగించరు. ఇంక మూత తెచ్చినా ఒకటే, కొండ తెచ్చినా ఒకటే.

నింద వేసినందుకు గంగులమ్మ అందరి ముందరా తోడికోడలి కాళ్లు పట్టుకునింది. అమ్మ వంగినప్పుడు, ఆమె కొంగు పట్టుకుని ఉన్న ఆరేండ్ల ఉష కూడా వంగింది.

ఆ తర్వాత రెండిండ్లకూ మాటల్లేవు. శ్వేత మాత్రం బడి దారిలో ఎవరూ చూడకుండా ఉషకు జడ సరిచేసి, రిబ్బను ముడి వేసి పోయేది.

శ్వేతకు పెండ్లి కుదిరింది. చిన్నాయన ఇంటివాళ్లు రాకపోతే పెండ్లికొడుకు వాళ్లు అడుగుతారని, కుప్పమ్మ తొమ్మిదేండ్ల తర్వాత గడప తొక్కి కుంకుమ పెట్టి పిలిచింది.

"వస్తాంలే అక్కా," అనింది గంగులమ్మ. ఆ రోజు శుక్రవారం కాకపోయినా అటక మీది మూట దించింది.

మదనపల్లె కల్యాణమండపంలో సారె సామాన్లన్నీ వరసగా పేర్చినారు. నడిమధ్యన గుండిగ, దాని మీద స్టీలు తట్ట.

"ఇంత మంచి గుండిగకు మూత లేదే వదినా?" అని అడిగింది పెండ్లికొడుకు తల్లి వెంకటలక్ష్మమ్మ. వాళ్లది కుప్పం.

"మా అమ్మది. మూత యాడనో పోయింది," అనింది కుప్పమ్మ.

చదివింపులు మొదలైనాయి. గంగులమ్మ మూటను కూతురి ఒళ్లో పెట్టింది.

"నువ్వు పో. నేను పోతే జగడానికొచ్చిందంటారు."

ఉష బడిలో హాజరు పలకడానికే వణికే పిల్ల. అయినా లేచింది.

"ఏం పాపా, యెవురి చదివింపు?" అన్నాడు మైకాయన.

"మా అమ్మది. గంగులమ్మ. గుండిగ మూత."

ఆయన నవ్వినాడు. మైకులో మండపమంతా వినిపించింది. "పెండ్లికూతురు చిన్నమ్మ గంగులమ్మ, గుండిగ మూత. ఒట్టి మూతేనా పాపా? గుండిగ బస్సులో మరిసిపోయొస్తిరా?"

అందరూ నవ్వినారు.

"లేదు," అనింది ఉష. "ఆడుండాది."

పోయి స్టీలు తట్ట తీసి పక్కన పెట్టింది. మూత పెట్టింది. కూర్చోలేదు. నెమ్మదిగా తిప్పింది. నొక్కులో నొక్కు పడింది.

ఆ చప్పుడు కూడా మైకు అందుకునింది.

వెంకటలక్ష్మమ్మ వంగి మూత మీది పేరు చదివింది. తర్వాత గుండిగ మీది పేరు చదివింది.

"ఏం వదినా, గుండిగ తొంభై రెండులో, మూత ఎనభై తొమ్మిదిలోనా? బిడ్డకంటే ముందు టోపీ పుట్టినట్టుండాదే?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

పీటల మీది నుంచి శ్వేత ఉషనే చూస్తా ఉండింది. ఉష అటు చూడలేదు.

గంగులమ్మ నిదానంగా వచ్చింది. గుండిగను ముట్టుకోలేదు. పెండ్లికూతురి తల మీద అక్షింతలు వేసింది.

"గుండిగ నీకే తల్లీ, మూత కూడా నీకే. గట్టి ఇత్తడి. నీ మనవరాలు కూడా దీంట్లోనే వండుతాది."

శ్వేత తల దించుకునింది.

ముత్తైదువలు హారతి ఇచ్చినారు. కర్పూరం పళ్లెం ఒక్కొక్కరి ముందరికీ వచ్చింది. గంగులమ్మ రెండు చేతులూ చాపి కళ్లకద్దుకునింది.

పళ్లెం కుప్పమ్మ ముందర ఆగింది.

ఆమె చేతులు కొంగులో నుంచి బయటికి రాలేదు.