మస్తానయ్య బిగింపు

నట్టు బిగింపు కొలిచే టార్క్ రెంచి ఒప్పుకుంటేగాని బండి స్టార్టవని కాలం వచ్చిపడింది. రిటైరైన మెకానిక్కు మస్తానయ్య వాకిట్లో కూర్చుని, తన బండి వెనక చక్రం నట్టు మూడోసారి బిగించాడు.

"చాలలేదు. ప్రమాణం ప్రకారం బిగించండి," అంది రెంచి మర్యాదగా.

"నలభయ్యేళ్లు ఆటోనగర్లో బిగించినోణ్ణి! నీకా ప్రమాణం పెట్టిందెవడే?" అని మండిపడ్డాడతను.

"ఆటోనగర్ మస్తానయ్య. అప్పటికి వయసు ముప్పై అయిదు," అంది రెంచి.

పక్కనే దుప్పట్లు పిండుతున్న భార్య కోటమ్మ ఫక్కున నవ్వింది. "మర్చిపోయావా ఏందయ్యా? రెంచి కంపెనీవోళ్లు నీ చేతికి గ్లౌజు తొడిగి, పట్టంతా కొలుచుకుని, శాలువా కప్పి పోయారుగా!"

మస్తానయ్య చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. "ఆ ముప్పై అయిదేళ్లోడంత పట్టు నాకిప్పుడెక్కడిదే," అంటూ రెంచిని ఆమెకందించాడు.

కోటమ్మ తడిచేత్తోనే ఒక్క గుంజు గుంజింది. రెంచి టక్కుమంది.

"భేష్ మస్తానయ్యగారూ! సరిగ్గా మీ బిగింపే," అంది రెంచి.