దానమ్మ పాపం

ఆరాధన మధ్యలో దానమ్మ వచ్చి చర్చి గుమ్మంలో మోకాళ్ళ మీద కూలబడింది.

"తప్పయిపోనాది బాబూ. ఒప్పుకుంతన్నాను. నన్ను మళ్ళీ సంఘంలో కలుపుకోండి."

సంఘపెద్ద ఎల్లాజీ లేచాడు.

ఆ వేసవిలో ఊరి అమ్మవారి పండగనాడు ఆమె నెత్తిన ఘటం మోయడం కళ్ళారా చూసింది అతనే. వెలి వేయించిందీ అతనే. పాతపట్నం వైపు నుంచి బతకడానికొచ్చిన ఒంటరి విధవ. అడ్డుపడేవాళ్ళెవరూ లేకపోయారు.

"బాప్తిస్మం పుచ్చుకున్నదానివి. నీయంతట నువ్వు ఘటమెత్తవు. ఎవులెత్తమన్నారో పేరు సెప్పు, ఇప్పుడే కలిపేస్తాం."

"ఎవులూ నేరు బాబూ. తప్పు నాదే."

"అయితే బయటే కూకో."

బయటే కూర్చుంది. ప్రతి ఆదివారమూ వచ్చేది. వానొచ్చినా చూరు కింద తడుస్తూ లోపలి పాటకు గొంతు కలిపేది. ఎల్లాజీ తలుపులు మూయించాడు.

ఒకరోజు అతని భార్య అమ్మడు మెల్లగా అంది.

"పోనీ, దాన్ని కలిపీయకూడదా?"

"సంఘపెద్ద పెళ్ళానివి నువ్వే ఇలగంటే, మిగతావోళ్ళకి నేనేటి సెప్పాలి?"



శ్రావణంలో దానమ్మ జ్వరంతో మంచం పట్టింది. ఆమదాలవలస నుంచి ఆరాధన జరిపించడానికొచ్చిన పాస్టరుగారికి జాలేసింది. సంఘంలో ఉన్నవాళ్ళకే పంచే ప్రభువు బల్ల మీది రొట్టెముక్క తీసి ఎల్లాజీ చేతిలో పెట్టారు.

"పశ్చాత్తాపపడింది కదయ్యా. ఇచ్చిరా."

గుడిసెలో ఆ రొట్టె చూడగానే దానమ్మ నోరు తెరిచింది.

"ముందు పేరు సెప్పు," అన్నాడు ఎల్లాజీ.

ఆమె చాలాసేపు రొట్టెవైపే చూసింది. తర్వాత నోరు మూసుకుని గోడవైపు తిరిగింది.

అతను రొట్టెను రుమాల్లో చుట్టుకుని వెనక్కి తెచ్చేశాడు.

తెల్లారేసరికి దానమ్మ పోయింది. క్రైస్తవుల శ్మశానంలో చోటివ్వనన్నాడు ఎల్లాజీ. కూలివాళ్ళు గెడ్డ ఒడ్డున పాతిపెట్టారు. పాట లేదు, ప్రార్థన లేదు.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. అమ్మడు వడ్డించలేదు. గోడకానుకుని ఏడుస్తోంది.

"బొమ్మలకి మొక్కినదాని కోసరం ఈ ఏడుపేటే?"

అమ్మడు తలెత్తి మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"మన పిల్లోడికి అమ్మోరు పోసినపుడు ఘటమెత్తుతానని మొక్కుకున్నది నేను, నేనెత్తితే నీ పెద్దరికం పోతాదని, దానమ్మ నా బదులు ఎత్తినాది."