ఆ గది తప్ప

“నాకు ఈ గదే కావాలె,” అంటూ తాళం వేసి ఉన్న తలుపుకి వీపు ఆనించి చతికిలబడింది సారలమ్మ.

రేణుకకి ఒళ్లు మండింది. “ఎన్నిసార్లు చెప్పాలి పెద్దమ్మా! ఈ గది ఎవరికీ ఇవ్వడం లేదు. ముందు వార్డులో కిటికీ పక్కన చోటు చూపించాను కదా. గాలొస్తుంది, వెలుతురొస్తుంది. లే, లేచి రా.”

“గాలి నాకెందుకు బిడ్డా? తాళం తియ్యి.”

వాన ఆగడం లేదు. వాగు పొంగి ఒడ్డున ఉన్న గుడిసెలన్నిటినీ ఊడ్చుకుపోయాక, ఉసూర్ వైపు పల్లెల నుంచి కూలికి వచ్చిన జనమంతా బస్టాండులో తడుస్తూ పడి ఉన్నారు. ఆసుపత్రి కొత్త భవనానికి మారిపోయాక పాతది నగర పంచాయతీ చేతికొచ్చి, ఏళ్ల తరబడి గబ్బిలాలకే పనికొచ్చింది. వానాకాలం గడిచేదాకా వీళ్లను అందులో ఉంచుదామని ఆఫీసులో పెద్దసారు చుట్టూ తిరిగి ఒప్పించింది అక్కడే పనిచేసే రేణుకే. కిరందుల్ గనుల కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగూ, ఇక్కడి హల్బీ భాషా రెండూ వచ్చు కాబట్టి పని కూడా ఆమె నెత్తినే పడింది. గదులు కడిగించింది, సున్నం వేయించింది, పొద్దుటి నుంచీ ఒక్కో కుటుంబాన్నీ తీసుకొచ్చి వార్డుల్లో సర్దుతోంది. చోటు దొరికినవాళ్లు దణ్ణం పెట్టి లోపలికి వెళ్లారు, మిగిలినవాళ్లు వరండాలో సర్దుకున్నారు. ఈ ముసలమ్మ ఒక్కతే మూట చంకన పెట్టుకుని తిన్నగా పెరటి వైపు వచ్చి, విడిగా ఉన్న ఈ గది ముందు తిష్ఠ వేసింది.

ఎందుకివ్వదో రేణుక చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అది పాత పోస్టుమార్టం గది. ఆ మాట ఒక్కరి చెవిన పడితే చాలు, పిల్లాజెల్లాతో సహా అందరూ మళ్లీ బస్టాండు దారి పడతారు.

గొడవ విని రామయ్య వచ్చాడు. వాగు ఒడ్డున అతని గుడిసె సారలమ్మ గుడిసెకి ఆనుకునే ఉండేది.

“ఏంది సారక్కా, మేమంత ఒకరి మీద ఒకరం పడి సర్దుకుంటున్నం. నీ ఒక్కదానికి గది కావాల్నా?”

సారలమ్మ మూటను ఒళ్లోకి లాక్కుని తలుపుకి ఇంకా ఆనుకుంది. రామయ్య రేణుక మీదికి తిరిగాడు.

“నా కోడలు పసిపిల్లతోని వరండాల తడుస్తున్నది మేడం. గీ గది తాళమేసి ఎవలకోసం దాచిండ్రు?”

రేణుక నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. పెద్దసారు.

“రేపు జిల్లా నుంచి అధికారులు వస్తున్నారు,” అన్నాడాయన హిందీలో. “వరండాలో ఒక్కరు కూడా కనబడకూడదు. వెనక గది కూడా తెరిచెయ్.”

“సార్, అది...”

“సున్నం వేయించావు కదా? ఇక అదీ ఒక గదే. మందుల స్టోరని చెప్పు. నోరు జారకు.”

రేణుక ఫోన్ దించి, వాచ్‌మన్ మంగల్ వైపు చూసింది. అతను తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, “మై నహీ జావూంగా, దీదీ,” అని లోపలికి రానన్నట్టు తల అడ్డంగా ఊపుతూ వానలోకి వెనక్కి జరిగాడు.

తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. ఫినాయిల్ వాసన గుప్పుమంది. దాని అడుగున ఎంత కడిగినా పోని మరేదో వాసన. కిటికీ లేదు. పైన ఎక్కడో చిన్న వెంటిలేటర్. గది నడిమధ్య నడుమెత్తున సిమెంటు గట్టు, ఒక వైపుకి కొద్దిగా వాలుగా ఉంది.

రామయ్య తల లోపలికి పెట్టి చూసి మొహం చిట్లించాడు. “గాలే ఆడది గదా! పసిపిల్లను ఈడ పండవెడితే బతుకుతదా? ఆమెకే ఇయ్యిర్రి. కిటికీ కాడి చోటు నా కోడలికియ్యిర్రి,” అని వరండా వైపు వెళ్లిపోయాడు.

సారలమ్మ లేచింది. చెప్పులు బయటే విడిచి లోపలికి అడుగుపెట్టింది.

“ఇది మందుల స్టోరు పెద్దమ్మా,” అంది రేణుక గబగబా. “ఆ గట్టు మీద పెట్టెలు పెట్టేవాళ్లు.”

సారలమ్మ గట్టు దగ్గరికి వెళ్లి, ఒక కొస నుంచి రెండో కొసదాకా అరచేత్తో మెల్లగా తడుముతూ నడిచింది. చీర కొంగు పిండి, గట్టంతా తుడిచింది. తర్వాత మూట కింద పెట్టి, మోకాలు ఆనించి కష్టపడి పైకెక్కింది. కాళ్లు ముడుచుకుని, చెంప సిమెంటుకి ఆనించి పడుకుంది.

రేణుక గడప దగ్గర నుంచే అరిచింది. “అయ్యో, దాని మీద వద్దు! కింద పడుకో పెద్దమ్మా, చాప తెప్పిస్తాను.”

“వద్దు బిడ్డా. ఈడనే మంచిగుంది.”

“చల్లగా ఉంటుంది. జ్వరమొస్తుంది.”

“రానీ.”

రేణుక గడప దగ్గరే నిలబడిపోయింది. తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోవచ్చు. రేపు వచ్చేవాళ్లు చూసి మెచ్చుకుంటారు. కానీ బతికున్న మనిషి ఆ గట్టు మీద అలా ఒదిగి పడుకోవడం చూడలేకపోయింది. పరుగున వెళ్లి ఆమె భుజం పట్టుకుంది.

“పెద్దమ్మా, నీకు అబద్ధం చెప్పాను. ఇది స్టోరు కాదు. ఇక్కడ... శవాలను కోసేవాళ్లు.”

సారలమ్మ కళ్లు తెరవలేదు.

“ఎర్కే బిడ్డా. నా కొడుకును ఆఖరికి ఈడనే పండవెట్టిండ్రు. ఆ దినం నన్ను లోపటికి రానియ్యలె.”