ఏడో నంబరు నిశ్శబ్దం

మధ్యాహ్నం ఒంటిగంటా పది అయ్యేసరికి యంత్రం మళ్ళీ అదే పని చేసింది. ఏడో నంబరు ఛానెల్‌ను ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేసింది. సరిగ్గా పది నిమిషాలు.

ఇంజనీరు తల పట్టుకున్నాడు. యంత్రాన్ని పరీక్షించే కమిటీ రావడానికి రెండు రోజులే ఉంది.

ఊళ్ళో వైర్‌లెస్ సెట్లు వందలు. ఛానెళ్ళు పన్నెండు. అంబులెన్సులు, టాక్సీలు, ఫైరింజన్లు, ఓడరేవు క్రేన్లు, అందరూ వాటినే పంచుకోవాలి. క్రేన్ ఎక్కేవాళ్ళకైతే పైన ఫోను నిషేధం, సెట్టే దిక్కు. ఇద్దరు ఒకే ఛానెల్లో మాట్లాడితే ఇద్దరికీ కీచుమనే మోతే మిగులుతుంది.

పంతొమ్మిదేళ్ళుగా ఆ పంపకం బోర్డు అక్కయ్యది. గోడమీది పెద్ద బోర్డు ముందు కూర్చుని, "అంబులెన్సా, నాలుగు తీసుకోండి. టాక్సీ తమ్ముడూ, నీ కబుర్లు అయ్యాయిగా, ఇక దిగు" అనేది. ఎవరికి ఏ నంబరిచ్చినా చిట్టాలో రాసేది.

ఇప్పుడదంతా యంత్రం రెప్పపాటులో చేసేస్తుంది. ఆమె చిట్టాలన్నీ మింగించి ఇంజనీరే దానికి పని నేర్పాడు. మూడేళ్ళు పట్టింది. కమిటీ సరేనంటే అతని ఉద్యోగం ఖాయం. కాదంటే యంత్రం అటకెక్కుతుంది, అతను ఇంటికెళతాడు.

అక్కయ్యను అప్పటికే కింది అంతస్తులోని రికార్డుల గదికి మార్చేశారు. వెళుతూ వెళుతూ, ఒక పాత సెట్టు జ్ఞాపకంగా ఉంచుకుంటానంది. ఎవరూ కాదనలేదు.

ఇంజనీరు మెట్లు దిగి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"అక్కయ్యా, ఒంటిగంటా పదికి ఏడో నంబరు ఎవరికీ ఇచ్చేవారు కాదేం?"

ఆమె ఫైళ్ళ దుమ్ము దులుపుతూనే ఉంది. "ఆ టైములో అది పనికిరాదు నాయనా. ఎవరికిచ్చినా గోలే."

"ఎందుకని?"

"ఎందుకంటే ఏం చెప్పను? మీలా పెద్ద చదువులు చదివానా? ఏడో నంబరు జోలికి మాత్రం వెళ్ళకు."

అతను పైకొచ్చి మీటరు పెట్టాడు. జనం మాటలు వినడం నిబంధనలకు విరుద్ధం. మీటరు మీద సిగ్నల్ గీత మాత్రం చూడొచ్చు. మర్నాడు ఒంటిగంటా పదికి, ఖాళీగా ఉండాల్సిన ఏడో నంబరులో సన్నటి గీత లేచింది. పడింది. మళ్ళీ లేచింది. పది నిమిషాలకు చల్లారింది. పాత కొలతలు తిరగేస్తే, ఏళ్ళ తరబడి అదే గీత.

ఇంజనీరుకు ఒళ్ళు పులకరించింది.

కమిటీలో ముగ్గురు పెద్దలు. ఛైర్మన్‌గారు కళ్ళజోడు ముక్కు కొసకు జార్చి అడిగారు. "ఏమయ్యా, మధ్యాహ్నం పూట మీ యంత్రం కునుకు తీస్తోందా?"

"కాదండీ. ఎండ నడినెత్తి దాటే వేళకి ఆకాశంలో పైపొరల్లో ఒక అలజడి పుడుతోంది. అది ఏడో నంబరును తాకుతోంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అక్కయ్య అనుభవంతో పసిగట్టారు, యంత్రం ఆమె దగ్గర నేర్చుకుంది."

"మరి ఆదివారాలు రావట్లేదేం?" అన్నారు రెండో ఆయన.

"ఆదివారం ఫ్యాక్టరీలు మూస్తారు కదండీ. పొగ తక్కువ."

ఛైర్మన్‌గారు తలూపారు. ఆ తల ఊగాక రెండో తలా ఊగింది. మూడో ఆయన అప్పుడే కళ్ళు తెరిచి, "నాకు మొదటినుంచీ ఇదే అనుమానం" అన్నారు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట దేశంలో ఏ ఊళ్ళోనైనా ఒంటిగంటా పది నుంచి పది నిమిషాలు ఏడో నంబరుకు విరామం. ఆ అలజడికి ఛైర్మన్‌గారి పేరు పెట్టారు. దాని మీద చదవడానికి ఇద్దరు ప్రొఫెసర్లు విదేశాలకు బయల్దేరారు. ఇంజనీరు ఉద్యోగం ఖాయమైంది.

ఉత్తర్వు అమలైన మొదటి రోజు, వేళ కాగానే దేశమంతటా ఏడో నంబరు నోరు మూసుకుంది. ఉత్తర్వు నకలు అక్కయ్యకు స్వయంగా ఇద్దామని ఇంజనీరు కిందికి బయల్దేరాడు. రెండో చేతిలో చిన్న మీటరు.

గీత లేవడం మొదలైంది. మెట్టు దిగినకొద్దీ ఎత్తు పెరిగింది. రికార్డుల గది దగ్గరికి వచ్చేసరికి గీత మీటరు అంచు దాటిపోయింది.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అక్కయ్య టిఫిన్ డబ్బా మూత తీస్తూ, పాత సెట్టును నోటి దగ్గర పెట్టుకుని, "ఏమండీ, ఆ క్రేన్ కాసేపు ఆపి, ముందు బీపీ మాత్ర వేసుకున్నారో లేదో చెప్పండి" అంటోంది.