బాడిగ లేని గది

బాడిగ మళ్లీ పెరిగింది. ఈసారి పన్నెండు వేలు.

వాచ్‌మెన్ మహేష్ ఆ మాట చెప్పి, తప్పంతా తనదే అన్నట్టు తల గోక్కున్నాడు. ఎలీషాకు ఒళ్లు మండింది.

"మొన్ననే కదప్పా ఆరు ఉండేది ఎనిమిది చేసినారు! మిగతా గదులోళ్లకు?"

"వాళ్లకు లేదన్నా. మీకొక్కరికే."

నంద్యాల గాంధీచౌక్ పక్క సందులో నాలుగంతస్తుల భవనం అది. బోర్డు మీద స్టూడియో ఫ్లాట్లు అని ఉంటుంది. లోపలికొస్తే ఒకటే గది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. పొయ్యి పక్కనే పడక, పడక పక్కనే బాత్రూము. ఊరు జిల్లా కేంద్రమయ్యాక ఇలాంటి అగ్గిపెట్టెలకు కూడా జనం ఎగబడుతున్నారు.

ఎలీషా, అతని భార్య సుప్రజ ఆ గదిని వదల్లేకపోవడానికి కారణాలున్నాయి. అతను పనిచేసే ల్యాబుకూ, ఆమె బిల్లులు కొట్టే బట్టల షాపుకూ నడిచిపోవచ్చు. ఆమెకు ఏడో నెల. ఆటోల కుదుపులు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పైగా వేరేచోట గది అడగబోతే ఓనర్లు ముందు పేర్లు అడుగుతారు. ఒకరు ఎలీషా, ఒకరు సుప్రజ అని వినగానే, ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయారంటారు.

పాత ఓనరు పేర్లు పట్టించుకునేవాడు కాదు. ఆయన ఎండాకాలంలో భవనం మొత్తం అమ్మేసి వెళ్లిపోయాడు. కొన్నది ఆళ్లగడ్డ నారాయణ అని మహేష్ చెప్పిన రోజు సుప్రజ మరింకేమీ అడగలేదు.

మహేష్ గొంతు తగ్గించాడు. "ఓనరు ఇంకో మాట చెప్పమన్నాడన్నా. బాడిగ తగ్గాలంటే ఆయమ్మను వచ్చి మాట్లాడమన్నాడు. ఒక్కదాన్నే."

ఎలీషా గదిలోకి తిరిగాడు. "నేనూ వస్తా" అన్నాడు భార్యతో.

"వద్దు. నిన్ను చూస్తే ఇంకో రెండు వేలు పెంచుతాడు."

ఆదివారం పొద్దున సుప్రజ బస్సెక్కింది. డాక్టరమ్మ వద్దన్న కుదుపులన్నీ ఆ బస్సులోనే పడింది. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర దిగితే రాతిపొడి మొహాన కొట్టింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎవరినీ దారి అడక్కుండా నడిచివెళ్లి ఆ ఇంటి గేటు తీసింది.

నారాయణ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె మొహం కంటే ముందు కడుపు వైపు చూశాడు. కూర్చోమనలేదు.

"ఎన్నో నెల?"

"ఏడు. నేను బాడిగ గురించి వచ్చినా."

"చెప్పు."

"మిగతా గదులకు లేనిది మాకొక్కరికే ఎందుకు పెంచుతాండారు మీరు?"

మీరు అన్న మాట దగ్గర పెద్దాయన మొహం అదోలా అయింది. వెంటనే సర్దుకున్నాడు.

"నా బిల్డింగు, నా ఇష్టం. కట్టలేకుంటే ఖాళీ చేయండి."

"యాడికి పోతాం? మా పేర్లు వింటే ఎవురూ గది ఈయరు."

"ఆ రెండు పేర్లూ కలుపుకున్న పొద్దు తెలీలేదా?"

సుప్రజ కాళ్లు లాగుతుంటే స్తంభాన్ని ఆనుకుంది. నారాయణ వీధివైపు చూపు తిప్పాడు. ఈసారి గొంతు మెత్తబడింది.

"ఈడ మిద్దె మీద గది ఉండాది. మొన్ననే ఏసీ పెట్టించినా. బాడిగ వద్దు, అడ్వాన్సు వద్దు."

ఆమె చటుక్కున తలెత్తింది. "మా ఇద్దరికా?"

"నీ ఒక్కదానికే."

నీళ్ల చెంబుతో గుమ్మంలోకి వచ్చిన ఓనరు భార్య కమలాక్షమ్మ అక్కడే ఆగిపోయింది. మొగుడికి ఎదురుచెప్పే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. తల వంచుకుంది.

"నాకు మొగుడు ఉన్నాడు" అంది సుప్రజ.

"తెలుసు. వాడు నీకు ఏమిచ్చినాడు? అగ్గిపెట్టె అంత గది. ఆ గదీ ఇప్పుడు నాదే. ఎంత పెంచితే నువ్వు ఈడికి వస్తావో నేనూ చూస్తా."

సుప్రజ స్తంభాన్ని వదిలి నిటారుగా నిలబడింది. కాన్పుకని దాచుకున్న దుడ్లు ఎటు పోతాయో ఆమెకు అర్థమైంది. ఎలీషా ఇక రాత్రి డ్యూటీలు కూడా చేస్తాడు. తను తొమ్మిదో నెల దాకా ఆ కౌంటర్లో కూర్చోవాలి.

"పన్నెండు వేలే కడతాం" అంది. "ఒకటో తేదీ మహేష్ చేతికిస్తాం. ఇంకా పెంచినా కడతాం. నన్ను మళ్లీ పిలిపించొద్దండి."

మెట్లు దిగుతుంటే వెనక గాజుల చప్పుడైంది. కమలాక్షమ్మ కుంకుమభరిణెతో గబగబా వచ్చింది. "వట్టి నుదురుతో పోగూడదు మా" అని గొణిగి బొట్టు పెట్టింది. కొంచెం కుంకుమ ముక్కు మీద రాలింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది.

"కమలా, లోపలికి రా!" వసారాలోంచి కేక వినిపించింది.

ఆమె భరిణె మూసి వెనుదిరిగింది. సుప్రజ ముక్కు మీది కుంకుమ తుడుచుకోకుండానే గేటు వేసి వీధిలోకి వచ్చింది.

ఎదురింటి అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతున్న ముసలి సుగుణమ్మ చేట పక్కనపెట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, గట్టిగా అడిగింది: "ఏందే సుప్రజా, నిండుకడుపుతో పుట్టింటికొచ్చి ఒక్కపూటన్నా ఉండకుండా పోతాండావ్?"