పన్ను డోలు

పొద్దున్నే మూడంతస్తుల మేడ ముందు డోలు మోగింది.

నోట్లో బ్రష్షుతోనే కాంట్రాక్టరు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“ఆపు. ఎవరు కొట్టమన్నారు?”

“ఆఫీసువాళ్లండీ. మీరు ఇంటిపన్ను కట్టేదాకా రోజూ వచ్చి కొట్టమన్నారు,” అన్నాడు డోలు మనిషి. పక్కనే బిల్లు కలెక్టరు నోటీసు పట్టుకుని నిలబడ్డాడు.

చుట్టుపక్కల కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆరేళ్లుగా పైసా కట్టని పెద్దమనిషికి అప్పుడు గుర్తొచ్చింది పరువు.

“కూలికి డోలు కొట్టుకునేవాడివి, నువ్వా నాకు పన్ను గురించి చెప్పేది? జన్మలో ఒక్కసారైనా కట్టావా?”

డోలు మనిషి మళ్లీ కర్ర ఎత్తాడు.

కాంట్రాక్టరు కాలెత్తి డోలును ఒక్క తన్ను తన్నాడు. తోలు నిలువునా చినిగింది.

“నాకు కూడు పెట్టేది ఇదొక్కటేనండీ,” అన్నాడతను, చినిగిన చోట చెయ్యి పెట్టి.

బిల్లు కలెక్టరుకు ఒళ్లు మండింది. నేరుగా ఆఫీసరు దగ్గరికి వెళ్లాడు.

“సార్, మన పని మీద వెళ్లి నష్టపోయాడు. డోలు బాగుచేయిద్దాం.”

“దానికి పద్దు లేదయ్యా. అయినా రేపటి నుంచి డోలు బంద్. బెదిరిస్తే ఎవడూ కట్టడం లేదు, ఇక బహుమతులే. బకాయి కడితే జరిమానా మాఫీ, పైగా సన్మానం.”

“మరి అతని కూలి?”

“డోలే లేనప్పుడు కూలి ఎక్కడిది?”

వారం తిరక్కుండా కాంట్రాక్టరు జరిమానా లేకుండా బకాయి కట్టాడు. సభలో శాలువా కప్పించుకున్నాడు. మైకు పట్టుకుని నిజాయితీ గురించి పావుగంట మాట్లాడాడు. సిగ్గులేని జనం చప్పట్లు కొట్టారు.

చివరికి ఆఫీసరు లేచాడు.

“ఇప్పుడు మొదటి బహుమతి. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ అడక్కుండానే, ఏటా మొదటిరోజే వచ్చి పన్ను కట్టిన ఒకే ఒక్క ఇంటాయనకి. ఉన్నది ఒంటిగది రేకుల ఇల్లు.”

ఇంటి నంబరు చదివాడు. ఎవరూ లేవలేదు.

రెండోసారి చదివాడు. ముందు వరసలో ఆయన కోసం ఉంచిన కుర్చీ ఖాళీగానే ఉంది.

“ఎవరయ్యా ఆ మహానుభావుడు? పిలవలేదా?” శాలువా సర్దుకుంటూ బిల్లు కలెక్టరును అడిగాడు కాంట్రాక్టరు.

“పిలవడానికి పొద్దున నేనే వెళ్లాను. పని వెతుక్కుంటూ ఊరు విడిచి పోయాడట,” పళ్లు బిగబట్టి అన్నాడు బిల్లు కలెక్టరు. “ఇంటికి తాళం ఉంది సార్, మీరు తన్నిన డోలు మాత్రం గుమ్మం ముందే ఉంది.”